స్ఫటికం తప్పిన గీత వెంట

ఘన హీలియం కథను చాలామంది ఒకే తీరులో చెబుతారు. 2004లో పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో యున్‌సియోంగ్ కిమ్, మోజెస్ చాన్ ఒక సంచలనం ప్రకటించారు: గడ్డకట్టిన హీలియంలో కొంత భాగం ఘర్షణే లేని ద్రవంలా ప్రవర్తిస్తోందని. ఎనిమిదేళ్ల పాటు ఎన్నో ప్రయోగశాలలు దాని వెంట పరుగెత్తాయి. 2012లో అదే చాన్, డుక్ కిమ్ అనే మరో సహచరుడితో కలిసి, పరికరాన్ని మరింత పకడ్బందీగా కట్టి చూస్తే ఆ సంకేతం కనిపించలేదు. కథ కంచికి వెళ్లింది. తన ఫలితాన్ని తానే వెనక్కి తీసుకున్న శాస్త్రవేత్త నిజాయతీని మెచ్చుకుని, అక్కడితో పుస్తకం మూసేస్తారు.

ఈ కథనంలో అబద్ధం లేదు. చాన్ నిజాయతీ గొప్పదే. అయినా ఇది విన్న ప్రతిసారీ నాకు కోపం వస్తుంది. అసలు విషయం మొదలయ్యే చోటే కథను ఆపేస్తున్నారు. 2004లో అందరూ వెతికింది స్ఫటికమంతటా వ్యాపించిన అతిద్రవత్వం కోసం, అంటే ఘర్షణ లేకుండా పారే గుణం కోసం. అది దొరకలేదు. కానీ 2008 నుంచి వేరే దారిలో జరిగిన ప్రయోగాలు మరో సంగతి చూపించాయి. ఘన హీలియంలోకి ఒక వైపు నుంచి పరమాణువులను పంపితే రెండో వైపు పరమాణువులు బయటికి వస్తున్నాయి. స్ఫటికం స్ఫటికంగానే ఉంటుంది, దాని గుండా పదార్థం పారుతుంది. ఆ దారి స్ఫటికంలో అమరిక తప్పిన సన్నని గీతల వెంట ఉందనే వైపే ఇప్పుడున్న సాక్ష్యం మొగ్గుతోంది. దీన్ని ఓడిపోయిన వేటలో దక్కిన ఊరట బహుమతిలా చెప్పడం అన్యాయం. మొదట ఆశించిన దానికన్నా ఇదే లోతైనదని నా గట్టి నమ్మకం.

హీలియం ఎందుకంత ప్రత్యేకమో కొంచెం చెప్పుకోవాలి. 1908లో లైడెన్‌లో కామర్లింగ్ ఆన్నెస్ దాన్ని ద్రవంగా మార్చారు. ఆ తరువాత ఎంత చల్లబరిచినా అది గడ్డకట్టలేదు. 1926లో అదే ప్రయోగశాలలో విల్లెం కీసం చలికి పీడనాన్ని జోడించి తొలిసారి ఘన హీలియంను తయారుచేశారు. పరమశూన్య ఉష్ణోగ్రత దగ్గర కూడా దాన్ని గడ్డకట్టించడానికి సుమారు 25 బార్లు, అంటే వాతావరణ పీడనానికి దాదాపు 25 రెట్లు, కావాలి. కారణం క్వాంటం యాంత్రికశాస్త్రం. హీలియం పరమాణువు చాలా తేలిక, పరమాణువుల మధ్య ఆకర్షణ చాలా బలహీనం. తేలికైన దాన్ని ఇరుకు చోట బంధిస్తే అంతకంత అల్లాడుతుంది. వేడినంతా తీసేసినా ఆ అల్లాట ఆగదు. ఘనరూపంలో ఉన్నప్పుడు కూడా ఒక్కో హీలియం పరమాణువు, పొరుగు పరమాణువుకు తనకు మధ్య ఉన్న దూరంలో నాలుగో వంతుకు పైగా ఊగుతూనే ఉంటుంది. మామూలు ఘనపదార్థంలో ఇంత ఊపు ఉంటే అది ఎప్పుడో కరిగిపోయేది. పక్కపక్కనున్న పరమాణువులు ఒకదాని స్థానంలోకి మరొకటి మారిపోవడం కూడా ఇక్కడ జరుగుతుంది.

ద్రవ హీలియం 2.17 కెల్విన్ల కిందికి వెళ్తే అతిద్రవం అవుతుందనీ, అతి సన్నని సందుల్లోంచి కూడా స్నిగ్ధత లేకుండా జారిపోతుందనీ 1938లో మాస్కో నుంచి ప్యోతర్ కపిత్సా, కేంబ్రిడ్జి నుంచి జాన్ అలెన్, డాన్ మైసెనర్ వెల్లడించారు. మరి ఇంతలా అల్లాడే ఘనరూపం మాటేమిటి? 1956లో ఆలివర్ పెన్రోజ్, లార్స్ ఆన్సాగర్ ఈ ప్రశ్నను పరిశీలించి, ప్రతి పరమాణువూ తన చోటే ఉండే స్ఫటికంలో అది కుదరదన్నారు. 1969లో మాస్కోలో అలెగ్జాండర్ ఆంద్రేయెవ్, ఇల్యా లిఫ్షిట్జ్ ఒక మినహాయింపు చూపారు: పరమశూన్యం దగ్గర కూడా స్ఫటికంలో కొన్ని ఖాళీ స్థానాలు మిగిలిపోయి, అవి అలల్లా వ్యాపిస్తే ఘనమూ అతిద్రవమూ ఒకేసారి కావచ్చు. దీన్నే సూపర్‌సాలిడ్ అంటారు. 1970లో ఆంథొనీ లెగెట్ దాన్ని కొలిచే పద్ధతి సూచించారు. పాత్రతో పాటు తిరగని భాగం ఏదైనా ఉంటే, జడత్వ భ్రామకం, అంటే తిప్పడాన్ని ఎదిరించే జడత్వం, ఆ మేరకు తగ్గాలి.

ఈ ఆలోచనలన్నిటి వెనుక ఉన్న చిత్రం ఒక్కటే. స్ఫటికమంటే లోపం లేని అమరిక. అందులో ఖాళీలున్నా అవి స్ఫటికమంతటా సమానంగా పరచుకున్న ఖాళీలు. అతిద్రవత్వమంటూ ఉంటే అది మొత్తం స్ఫటికానికి చెందిన గుణం. ఈ చిత్రం అందంగా ఉంటుంది, గణితానికి లొంగుతుంది. నేను ఘనస్థితి భౌతికశాస్త్రం చదువుకున్న పుస్తకాల్లో లోపాల ప్రస్తావన ఎక్కడో చివర వచ్చేది, అదీ లోహాల బలం గురించి చెప్పవలసి వచ్చినప్పుడు. ముందున్న అధ్యాయాలన్నీ నిర్దోషమైన స్ఫటికానివే. ఈ వరుస మన ఆలోచనను ఎంత లోతుగా మలుస్తుందో ఘన హీలియం చరిత్ర చూస్తే తెలుస్తుంది.

2004 ప్రయోగం లెగెట్ సూచనకు దగ్గరి రూపం. పరికరం ఒక పురి లోలకం: సన్నని లోహపు కడ్డీ చివర ఒక చిన్న పాత్ర, అందులో ఘన హీలియం. కడ్డీ పురి తిరుగుతూ పాత్రను అటూ ఇటూ తిప్పుతుంది, సెకనుకు సుమారు వెయ్యి సార్లు. చల్లబరుస్తూ పోతే 0.2 కెల్విన్ల దగ్గర ఊగిసలాట వేగం పెరిగింది. హీలియంలో దాదాపు ఒక శాతం పాత్రతో కలిసి తిరగడం మానేసినట్టు లెక్క తేలింది. పైగా కొంచెం గట్టిగా ఊపితే ఆ ప్రభావం తగ్గిపోయింది. అతిద్రవానికి ఒక సందిగ్ధ వేగం ఉంటుంది, అది దాటితే ఆ గుణం పోతుంది గనుక అది కూడా సరిపోయినట్టే కనిపించింది. అప్పట్లో ఉప్పొంగినవాళ్లను నేను తప్పుపట్టను. కళ్ల ముందున్న అంకెలు అటే చూపించాయి.

అనుమానం రెండు వైపుల నుంచి వచ్చింది. 2006లో కార్నెల్‌లో ఆన్ సోఫీ రిట్నర్, జాన్ రెప్పీ తమ ఘన హీలియంను కాసేపు వేడిచేసి, పరమాణువులు సర్దుకునే వ్యవధి ఇచ్చి, నెమ్మదిగా చల్లబరిచారు. సంకేతం పోయింది. అంటే అది స్ఫటికం గుణం కాదు, స్ఫటికం ఎంత గందరగోళంగా తయారైందో దాని గుణం. ఇక సిద్ధాంతం వైపు నుంచి, కంప్యూటర్ లెక్కలు ఖాళీ స్థానాల మీద ఆశ లేకుండా చేశాయి. నిర్దోషమైన స్ఫటికంలో ఒక ఖాళీని పుట్టించాలంటే సుమారు 13 కెల్విన్లకు సమానమైన శక్తి కావాలి. ప్రయోగాలు జరిగేది కెల్విన్‌లో పదో వంతు దగ్గర. ఎలాగో ఖాళీలను దూర్చినా అవి ఒకదాన్నొకటి ఆకర్షించి ఒకచోట గుమిగూడి బయటికి పోతాయి. పెన్రోజ్, ఆన్సాగర్ చెప్పినదే నిలబడింది.

2007లో అల్బెర్టా విశ్వవిద్యాలయంలో జేమ్స్ డే, జాన్ బీమిష్ ఘన హీలియం దృఢతా గుణకాన్ని నేరుగా కొలిచారు. చల్లబరిచేకొద్దీ అది గట్టిపడుతోంది. గట్టిపడే ఉష్ణోగ్రత అదే 0.2 కెల్విన్ల ప్రాంతం, ఊపు పెంచితే తగ్గే తీరు అదే, మాలిన్యానికి స్పందించే తీరూ అదే. గట్టిపడిన హీలియం పాత్రను బిగిస్తుంది, బిగిసిన పరికరం వేగంగా ఊగుతుంది. ద్రవ్యరాశి తగ్గినా వేగం పెరుగుతుంది, బిగువు పెరిగినా వేగం పెరుగుతుంది. లోలకానికి ఆ రెండిటి మధ్య తేడా తెలియదు. 2012లో చాన్ చేసిన పని ఈ బిగువు ప్రభావానికి తావు లేకుండా పరికరాన్ని కట్టడమే.

మరి హీలియం ఎందుకు గట్టిపడుతుంది? ఇక్కడ మన అసలు పాత్రధారి ప్రవేశిస్తుంది: డిస్‌లొకేషన్. పుస్తకం మధ్యలో ఒక కాగితం సగం దాకా మాత్రమే ఉంటే ఎలా ఉంటుందో, స్ఫటికంలో ఒక పరమాణు పొర సగంలో ఆగిపోతే అలా ఉంటుంది. ఆ పొర అంచు ఒక గీతలా స్ఫటికం పొడవునా సాగుతుంది. దాని చుట్టూ పొరలు ఒక పక్క నొక్కుకుని, మరో పక్క సాగి ఉంటాయి. ఇది అంచు రకం. మరమేకులా మెలితిరిగిన స్క్రూ రకం మరొకటి ఉంది. అందులో పొరలు గీత చుట్టూ తిరుగుతూ ఒక్కో చుట్టుకు ఒక్కో మెట్టు ఎక్కుతాయి. లోహాలు వంగేది ఈ గీతలు జారడం వల్లనే అని 1934లో ఓరోవాన్, పొలాన్యీ, టేలర్ ఎవరికి వారు గ్రహించారు. హీలియంలో ఈ గీతలు ఆశ్చర్యమనిపించేంత తేలికగా జారుతాయి. 2013లో పారిస్, అల్బెర్టా పరిశోధకులు కలిసి చూపిన దాని ప్రకారం, మాలిన్యం వదిలించిన మంచి హీలియం స్ఫటికం ఒక దిశలో దాదాపు నిరోధమే లేకుండా జారిపోతుంది. చల్లబడినప్పుడు మాలిన్య పరమాణువులు వచ్చి ఈ గీతలను పట్టుకుంటాయి. కదలలేని గీతలున్న స్ఫటికం గట్టిగా ఉంటుంది. లోలకాన్ని మోసం చేసింది ఇదే.

మాలిన్యం అంటున్నాను గానీ, ఇక్కడ మాలిన్యమంటే హీలియం-3 ఒక్కటే. హీలియంకే చెందిన తేలికైన ఐసోటోపు అది. ఇంత చలిలో మిగతా పదార్థాలన్నీ ఎప్పుడో గడ్డకట్టి దారిలోనే ఆగిపోతాయి. మామూలుగా దొరికే హీలియంలో పది లక్షల పరమాణువులకు హీలియం-3 ఒకటి కూడా ఉండదు, కావాలంటే దాన్ని ఇంకా ఎన్నో వేల రెట్లు తగ్గించవచ్చు. రసాయన మలినం అనే గొడవ దాదాపు లేని స్ఫటికం ఇది. ఇందులో మిగిలే తప్పు కేవలం అమరికలోని తప్పు, జ్యామితికి సంబంధించిన తప్పు. లోపమంటే ఏమిటో, లోపం వల్ల ఏమవుతుందో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి పదార్థం ప్రకృతిలో లేదనుకుంటాను. అలాంటి పదార్థంలో జరిగిన విషయాన్ని ‘లోపాల వల్ల వచ్చిన తికమక’ అని పక్కన పెట్టేయడం నాకు మింగుడుపడదు.

ఇప్పుడు 2008కి వద్దాం. మాసచూసెట్స్ విశ్వవిద్యాలయం ఆమ్‌హెర్స్ట్ ప్రాంగణంలో మైకేల్ రే, రాబర్ట్ హాలక్ ఊపడం మానేసి, ప్రవాహాన్నే సూటిగా అడిగారు. అడగడం తేలిక కాదు. ఘన హీలియంలోకి ద్రవ హీలియంను తోయాలంటే రెండూ పక్కపక్కన ఉండాలి. కానీ ఘనం ఉండే పీడనంలో, ఆ చలిలో ద్రవం ఉండదు, అదీ గడ్డకడుతుంది. దీనికి వారు కనిపెట్టిన ఉపాయం నాకు ఈ రంగమంతటిలోకీ ఇష్టమైనది. వైకోర్ అనే గాజులో నానోమీటర్ల వెడల్పున్న రంధ్రాలుంటాయి. అంత ఇరుకు చోట హీలియం గడ్డకట్టడానికి ఇంకా ఎన్నో బార్ల అదనపు పీడనం కావాలి. కాబట్టి బయట ఘనం ఏర్పడినా వైకోర్ లోపల అతిద్రవం అలాగే ఉంటుంది. ఘన హీలియం గదికి రెండు వైపులా రెండు వైకోర్ కడ్డీలు పెట్టారు. వాటి పై చివరలను కొంచెం వెచ్చగా ఉంచి, అక్కడ ద్రవపు తొట్లు అమర్చారు. ఒక తొట్టిలోకి హీలియం ఎక్కించి రెండో తొట్టిని గమనించారు.

రెండో తొట్టిలో పీడనం పెరిగింది. సుమారు 0.6 కెల్విన్ల కింద ఇది జరుగుతుంది, ఆపైన జరగదు. ఒకే రకంగా తయారుచేసినట్టనిపించే నమూనాలు కూడా ఒకేలా ప్రవర్తించలేదు. కొన్నిట్లో ప్రవాహం ఎక్కువ, కొన్నిట్లో తక్కువ, కొన్నిట్లో అసలు లేదు. ఈ చపలత్వాన్ని కొందరు ప్రయోగం బలహీనతగా చూశారు. నేను దాన్ని మొదటి ఆనవాలుగా చూస్తాను. స్ఫటికం గుణమైతే ప్రతి స్ఫటికంలో ఒకేలా ఉండాలి. స్ఫటికం పెరిగేటప్పుడు ఎన్ని గీతలు పడ్డాయి, అవి ఎటు సాగాయి, ఈ చివర నుంచి ఆ చివరకు దారి కుదిరిందా అన్నదాని మీద ఆధారపడేదైతే, నమూనాకో తీరుగా ఉండక తప్పదు.

అంతకన్నా విచిత్రమైన మరో సంగతి. ద్రవం ఎక్కిస్తున్నప్పుడు ఘన హీలియం గదిలో పీడనం కూడా పెరిగింది. గది పరిమాణం మారలేదు, అంటే ఘనం సాంద్రత పెరిగింది. మామూలు స్ఫటికాన్ని ద్రవంతో తాకిస్తే ద్రవంలోని పరమాణువులు దాని లోపలికి వెళ్లి సర్దుకోవు, మహా అయితే ఉపరితలం మీద కొత్త పొరగా పేరుకుంటాయి. లోపల సాంద్రత పెరగాలంటే లోపలికి దారి ఉండాలి, లోపల కొత్త పరమాణువులకు చోటూ ఉండాలి.

ఈ రెండూ డిస్‌లొకేషన్ ఇస్తుంది. దారి సంగతి ముందు చెబుతాను. గీత నడిబొడ్డున స్ఫటికం తన సహజమైన అమరికలో ఉండలేదు, ఒక పక్క బాగా సాగి ఉంటుంది. నిర్దోషమైన చోట 13 కెల్విన్ల ఖరీదు చేసే ఖాళీ, ఇక్కడ దాదాపు ఉచితం అవుతుంది. పరమాణువులు తేలికగా స్థానాలు మార్చుకునే సన్నని నాళం తయారవుతుంది. హీలియం-4 (మామూలు హీలియం) పరమాణువులు బోసాన్లు, అంటే ఒకే క్వాంటం స్థితిలో కలిసి నడవగల కణాలు కాబట్టి, ఆ మార్పిడి గొలుసుకట్టుగా సాగితే అది అతిప్రవాహం. డిస్‌లొకేషన్ వెంట ఒకే మితిలో, అంటే ఒకే గీత పొడవునా, అతిద్రవత్వం ఉండవచ్చని షెవ్‌చెంకో 1987లోనే రాశారు. 2007లో మాసిమో బోనిన్‌సెగ్ని, అనతోలి కుక్లోవ్, నికొలాయ్ ప్రోకోఫియేవ్, బోరిస్ స్విస్తునోవ్ బృందం కంప్యూటర్‌లో ఒక స్క్రూ డిస్‌లొకేషన్‌ను పరమాణువు పరమాణువుగా కట్టి చూస్తే, దాని మధ్యలో సుమారు 6 ఆంగ్‌స్ట్రామ్‌ల వ్యాసంతో అతిద్రవ నాళం కనిపించింది. రెండు మూడు పరమాణువుల వెడల్పు, అంతే. డిస్‌లొకేషన్లన్నీ ఇలా ఉండవు. కొన్ని రకాలు రెండుగా చీలిపోయి, ఒత్తిడి సడలి, ప్రవాహానికి దారి ఇవ్వవు.

ఇక చోటు సంగతి. అంచు రకం డిస్‌లొకేషన్ అంటే సగంలో ఆగిన పొర అని చెప్పాను కదా. ఆ అంచుకు పరమాణువులు చేరితే సగం పొర ముందుకు పెరుగుతుంది, గీత కొత్త చోటికి జరుగుతుంది. దీన్ని క్లైంబ్ అంటారు. లోహాల్లో ఇది ఎర్రగా కాలిన వేడిలో, అదీ నత్తనడకన జరుగుతుంది. ఎందుకంటే పరమాణువులు ఒక్కొక్కటే స్ఫటికంలో దారి వెతుక్కుంటూ అక్కడికి చేరాలి. హీలియంలో ఆ గీతే నాళం. పరమాణువులు గీత వెంటే సరఫరా అవుతాయి, ఎక్కడ కావాలంటే అక్కడ పొరకు అతుక్కుంటాయి. కాబట్టి పరమశూన్యానికి దగ్గరలో కూడా క్లైంబ్ జరుగుతుంది. 2009లో అదే సిద్ధాంత బృందం దీనికి సూపర్‌క్లైంబ్ అని పేరు పెట్టి, హాలక్ చూసిన సాంద్రత పెరుగుదలను దీనితో వివరించింది. ఘనపదార్థం లోలోపలి నుంచి కొత్త పొరలు పెంచుకుంటోందన్న మాట! ఈ వివరణ మొదటిసారి చదివినప్పటి ఆనందం నాకింకా తగ్గలేదు. స్ఫటికం అమరిక తప్పిన చోటే, మళ్లీ స్ఫటికాన్ని పెంచే దారి ఉంది.

2012లో యెగోర్ వెఖోవ్, హాలక్ ఇచ్చిన కొలత ఇంకా నిర్దిష్టమైనది. రెండు తొట్ల మధ్య ఉష్ణోగ్రతలో తేడా పెట్టి, హీలియంను తోసే శక్తిని మారుస్తూ ప్రవాహాన్ని కొలిచారు. మామూలు గొట్టంలో చిక్కటి ద్రవం నెమ్మదిగా పారితే, తోపు రెట్టింపు చేస్తే ప్రవాహమూ రెట్టింపు అవుతుంది, అంటే తోపు మీద ప్రవాహం ఆధారపడే ఘాతం 1. ఆదర్శమైన అతిద్రవం తన సందిగ్ధ వేగం దగ్గర పారితే, ఎంత తోసినా ప్రవాహం మారదు, ఘాతం 0. ఇక్కడ వచ్చిన ఘాతం సుమారు 0.3. ఉష్ణోగ్రత మారినా ఈ ఘాతం మారలేదు. ఒకే మితిలో పారే క్వాంటం ద్రవాలకు లటింజర్ ద్రవాలని పేరు, వాటి నుంచి ఆశించేది ఇలాంటి ప్రవర్తననే. పాత్ర గోడ పక్కన ఎక్కడో ద్రవం కారుతోందని అనేవాళ్లు ముందు ఈ ఘాతానికి సమాధానం చెప్పాలి.

ప్రవాహం చల్లబరిచేకొద్దీ పెరుగుతూ పోయి, 0.1 కెల్విన్ల ప్రాంతంలో ఒకచోట ఉన్నట్టుండి పడిపోతుంది. పడిపోయే ఉష్ణోగ్రత హీలియం-3 మోతాదు మీద ఆధారపడుతుంది. మోతాదు పెరిగితే ఇంకా ముందే పడిపోతుంది. పది లక్షల్లో ఒక వంతు కన్నా తక్కువ ఉన్న పరమాణువులు మొత్తం ప్రవాహాన్ని ఆపేయాలంటే, ఆ ప్రవాహం అతి సన్నని దారుల్లో ఉండాలి, ఆ కొద్ది పరమాణువులూ సరిగ్గా ఆ దారుల్లోనే పేరుకోవాలి. డిస్‌లొకేషన్లకు హీలియం-3 అంటుకుంటుందని మనకు ముందే తెలుసు, గట్టిపడడం గురించి చెప్పింది అదే.

నా వాదనకు ఆయువుపట్టు ఇది. 2004 నాటి లోలకాన్ని తప్పుదారి పట్టించింది డిస్‌లొకేషన్లు, వాటిని పట్టుకునే హీలియం-3. 2008 తరువాత ప్రవాహాన్ని మోసినవీ డిస్‌లొకేషన్లే, దాన్ని ఆపిందీ హీలియం-3 అని సాక్ష్యం చెబుతోంది. ఈ రెండు కథలనూ విడదీసి, మొదటిదాన్ని వైఫల్యంగా, రెండోదాన్ని చిన్న అనుబంధంగా చెప్పేవారు ఈ సంబంధాన్ని చూడడం లేదు. ప్రశ్న ‘స్ఫటికం పారుతుందా’ అని ఉన్నంతకాలం డిస్‌లొకేషన్ అడ్డొచ్చిన శత్రువు. ప్రశ్న ‘ఎక్కడ పారుతుంది’ అని మారగానే అదే జవాబు. చాలా ప్రయోగశాలలు మొదటి ప్రశ్నతోనే ఆగిపోయాయి, సంకేతం పోయాక పరికరాలు సర్దేశాయి. ఇది నాకు బాధ కలిగిస్తుంది.

దీనికి ఎదురుగా ఉన్న వాదనలు తేలికైనవి కావు. మొదటిది ద్రవపు కాలువల గురించి. 2006లో పారిస్‌లో సెబాస్టియన్ బలీబార్ బృందం, ద్రవంతో పక్కపక్కనే ఉన్న ఘన హీలియంలో ప్రవాహం చూసి, రెండు స్ఫటిక రేణువులు కలిసే సరిహద్దుల వెంట పారుతోందని ప్రకటించింది. ఆ సరిహద్దు పాత్ర గోడను తాకే మూలల్లో సన్నని ద్రవపు కాలువలు మిగిలిపోతాయని, పారింది అందులోనే కావచ్చని తరువాత వారే గుర్తించారు. హాలక్ ప్రయోగంలోనూ అలాంటిదే జరిగి ఉండకూడదా? ప్రశ్న న్యాయమైనదే. కానీ అలాంటి కాలువలు ద్రవీభవన పీడనానికి దగ్గరలోనే బాగుంటాయి, పీడనం పెరిగేకొద్దీ ఇరుకై మూసుకుపోతాయి. హాలక్ ప్రవాహం ఆ పీడనానికి దూరంగా కూడా కనిపించింది.

రెండోది వైకోర్ మీద అనుమానం. కథంతా వైకోర్, ఘనం తాకే చోటనే నడుస్తోందేమో, మనం కొలుస్తున్నది ఆ అంచు గుణమేమో అన్నారు. 2016లో ఝీగాంగ్ చెంగ్, బీమిష్ వైకోర్‌నే తీసేశారు. ఘన హీలియంను ఒక చివర నొక్కి రెండో చివర పీడనాన్ని కొలిచారు. ప్రవాహం ఉంది. అతి తక్కువ ఉష్ణోగ్రతల్లో హీలియం-3 దాన్ని ఇక్కడా అణచింది. సూపర్‌సాలిడ్ భావనకు పెద్ద దెబ్బ కొట్టిన బీమిష్ చేతి మీదుగానే ఈ ప్రవాహానికి ఇంత బలమైన మద్దతు రావడం నాకు ముచ్చటగా ఉంటుంది. 2017లో చాన్ బృందం కేవలం 8 మైక్రాన్ల మందమున్న ఘన హీలియం గుండా అతిప్రవాహం లాంటి ప్రవాహాన్ని చూపింది. 2012లో తన సూపర్‌సాలిడ్‌ను తానే కొట్టేసిన మనిషి, అయిదేళ్లకే ఘన హీలియంలో ప్రవాహాన్ని మళ్లీ కొలిచారన్న సంగతి ప్రచారంలో ఉన్న కథలో ఎందుకు ఉండదో నాకు అర్థం కాదు.

మూడో అభ్యంతరం సూత్రం గురించి. ఒకే మితిలో నిజమైన అతిద్రవం ఉండదు, అక్కడ క్వాంటం చాంచల్యాలు దీర్ఘ దూరపు క్రమాన్ని (దూరదూరాన ఉన్న పరమాణువులు కూడా ఒకే లయలో ఉండడాన్ని) చెరిపేస్తాయి, కాబట్టి దీన్ని అతిప్రవాహమనడం గొప్పలు పోవడమే అంటారు. లటింజర్ ద్రవం విషయంలో మొదటి సగం నిజం. ఆ ఘాతం 0 కాకుండా 0.3 కావడానికి మూలం కూడా అదే: నాళంలో అప్పుడప్పుడూ ఒక సుడి అడ్డంగా దాటి ప్రవాహాన్ని కొంచెం కుంగదీస్తుంది. అయితే డిస్‌లొకేషన్ ఒంటరి నాళం కాదు. అది వలగా అల్లుకున్న నాళాల సమూహం. పైగా క్లైంబ్ వల్ల ఈ గీత తన చుట్టూ ఉన్న స్ఫటికంతో పరమాణువులు ఇచ్చిపుచ్చుకుంటుంది. కుక్లోవ్, ప్రోకోఫియేవ్, స్విస్తునోవ్, లియో రాడ్జిహోవ్‌స్కీ తదితరులు ఇటీవలి సంవత్సరాల్లో చూపినదేమిటంటే, ఇలా పక్కకు జరగగలిగే అతిద్రవ గీత మామూలు లటింజర్ ద్రవం కాదు. పరమశూన్యంలో అది ఒకే మితిలో ఉన్నా దీర్ఘ దూరపు క్రమాన్ని నిలుపుకోగలదు. ‘అడ్డంగా కదిలే క్వాంటం ద్రవం’ అనదగిన కొత్త స్థితి ఇది. వెతికిన సూపర్‌సాలిడ్ దొరికి ఉంటే మనకు 1969 నాటి ఊహకు నిర్ధారణ దక్కేది. ఇప్పుడు దక్కింది అప్పట్లో ఎవరూ ఊహించనిది.

పరమశూన్యానికి అతి దగ్గరగా చల్లబరిచిన అల్ట్రాకోల్డ్ వాయువుల్లో సూపర్‌సాలిడ్ దొరికింది కదా, ఘన హీలియంతో ఇక పనేమిటి అని కూడా అంటారు. 2019లో డిస్ప్రోసియం, ఎర్బియం వాయువులతో ఐరోపాలోని మూడు బృందాలు సాధించినది అద్భుతమే. అయితే ఆ ‘స్ఫటికం’లో ఒక్కో బిందువు వేల పరమాణువుల బొట్టు. ఒక్కో స్థానంలో ఒక్కో పరమాణువు ఉండి, అమరిక తప్పిన చోట మాత్రమే పారే పదార్థానికి అది ప్రత్యామ్నాయం కాదు. లోపాలు క్వాంటం గుణాలను చెడగొట్టడమే కాదు, పెంచగలవని వేరే పదార్థాల్లోనూ కనిపిస్తోంది. స్ట్రాన్షియం టైటనేట్ స్ఫటికాన్ని శాశ్వతంగా వంగేలా నొక్కి, డిస్‌లొకేషన్లతో నింపితే దాని అతివాహకత్వం, అంటే నిరోధం లేకుండా విద్యుత్తును మోసే గుణం, మెరుగుపడిందని 2022లో చూపారు.

ఇంత వాదించాక, లోటు ఎక్కడుందో కూడా చెప్పాలి. పారే గీతను, ఆ ప్రవాహాన్ని ఒకే నమూనాలో, ఒకేసారి ఎవరూ చూపలేదు. సాక్ష్యమంతా పరోక్షం: ఘాతం, హీలియం-3 ప్రభావం, సాంద్రత పెరుగుదల, నమూనాకో తీరు. వీటన్నిటికీ ఒకే వివరణ చక్కగా సరిపోతోంది. నేను దాన్ని నమ్ముతున్నాను. నమ్మకాన్ని నిరూపణగా మార్చే ప్రయోగం ఊహకు అందనిది కాదు. బలీబార్, బీమిష్ బృందాలు దిశ తెలిసిన ఒంటి స్ఫటికాలను పెంచి, అందులోని డిస్‌లొకేషన్ల సాంద్రతను, గీతల పొడవును బిగువు కొలతల నుంచి రాబట్టగలిగాయి. అలాంటి స్ఫటికానికి హాలక్ తొట్లను జోడించాలి. గీతల సంఖ్యను తెలిసి మారుస్తూ, స్ఫటికాన్ని ఒక దిశ నుంచి మరో దిశకు తిప్పి పెంచుతూ, ప్రవాహాన్ని కొలవాలి. సిద్ధాంతం ప్రకారం కొన్ని రకాల గీతలే పారుతాయి, మిగతావి పారవు. అదే నిజమైతే ఆ తేడా దిశను బట్టి కొలతలో కనబడి తీరాలి.